డీజే స్టాండ్ మీద లైట్లు పడిపోకుండా బిగించడం ఎలా

మూడు మీటర్ల ఎత్తుకు లేపిన లైట్ స్టాండ్‌ని పడగొట్టాలంటే ఎంత బలం కావాలి? స్టాండ్, దాని తల మీద అడ్డంగా లైట్లు తగిలించే టీ బార్, లైట్లు అన్నీ కలిపి 35 కేజీలు అనుకుందాం. మూడు కాళ్ళూ నడిమి పైపు నుంచి 60 సెంటీమీటర్ల దూరం దాకా తెరుచుకున్నాయి. మూడు కాళ్ళ స్టాండ్ కాలు ఉన్న వైపుకి అంత తేలిగ్గా పడదు, రెండు కాళ్ళ మధ్య ఖాళీ వైపుకే పడుతుంది. ఆ రెండు కాళ్ళ కొనల్ని కలుపుతూ నేల మీద ఒక గీత గీయండి. నడిమి పైపు నుంచి ఆ గీత దాకా కొలిస్తే 60 ఉండదు, అందులో సగం, 30 సెంటీమీటర్లే ఉంటుంది. 35 ని 0.3 తో గుణించి 3 తో భాగిస్తే మూడున్నర. అంటే పైభాగంలో మూడున్నర కేజీల తోపు చాలు. వేలాడుతున్న వైరుని ఆరేళ్ళ పిల్లాడు పట్టుకుని లాగితే అంతకన్నా ఎక్కువే వస్తుంది.

పద్నాలుగేళ్ళుగా బెజవాడలోనూ, గుంటూరు చుట్టుపక్కలా పెళ్ళి సంగీత్‌లకి, ఓణీల ఫంక్షన్లకి, పంచెకట్టు ఫంక్షన్లకి డీజే పెడుతున్నాను. కొత్తగా సెట్ కొనుక్కున్న కుర్రాళ్ళు ఎవరడిగినా నేను మొదట చెప్పేది ఈ లెక్కే. అందరూ లైట్ ఎలా తగిలించాలని అడుగుతారు. లైట్ కన్నా ముందు కాళ్ళ సంగతి చూడాలి. నేను చేసే వరసలోనే చెబుతాను, మీరూ అదే వరసలో చేయండి.

ఇంటి దగ్గరే చేసుకోవాల్సింది

ముందు ప్రతి లైట్‌నీ తూకం వేయండి. బరువు చూసుకునే మిషన్ మీద మీరొక్కరే ఒకసారి, లైట్ పట్టుకుని ఇంకోసారి నిలబడి తేడా తీసేస్తే సరిపోతుంది. మామూలు ఎల్ఈడీ పార్ లైట్ (రంగులు మార్చే చిన్న గుండ్రటి లైట్) రెండు మూడు కేజీలు ఉంటుంది. తల తిప్పుతూ సన్నటి వెలుగు కొట్టే షార్పీ పదిహేను, ఇరవై కేజీల దాకా ఉంటుంది. తూకం వేసిన బరువుని ఆ లైట్ వెనకే మార్కర్‌తో రాసేయండి, ఫంక్షన్ హాల్లో హడావుడిలో మళ్ళీ గుర్తు చేసుకోనక్కర్లేదు.

స్టాండ్ మీద ఎంత బరువు మోస్తుందో రాసి ఉంటుంది. అది కాళ్ళు పూర్తిగా తెరిచి, చదునైన నేల మీద, గాలి లేని చోట, బరువు సరిగ్గా నడిమధ్యలో నిలువుగా ఉన్నప్పటి మాట. మన పెళ్ళిళ్ళలో ఇవన్నీ ఒకేసారి కుదరడం అరుదు కాబట్టి నేను ఆ అంకెలో సగానికి మించి వేయను. బరువు రాసిలేని స్టాండ్ అద్దెకి దొరికితే వద్దనండి.

షార్పీల విషయంలో మొహమాటం పనికిరాదు. అవి ట్రస్ (గొట్టాలతో కట్టే దిట్టమైన చట్రం) మీదకైనా వెళ్ళాలి, లేదంటే నేల మీదైనా కూర్చోవాలి. తల గిర్రున తిరిగి ఆగినప్పుడల్లా స్టాండ్‌కి ఒక కుదుపు తగులుతుంది. పైగా కరెంటు పోయి జనరేటర్ అందుకోగానే షార్పీ మొదటికొచ్చి, తలని ఈ చివర నుంచి ఆ చివరకి విసురుగా తిప్పుకుంటుంది. సన్న స్టాండ్ మీద రెండు షార్పీలు ఒకేసారి ఆ పని చేస్తే ఎలా ఊగుతుందో చూస్తే మీరే దించేస్తారు. పార్టీవాళ్ళు ఎంత అడిగినా, "అన్నా, ట్రస్ పెట్టించుకుంటేనే పెడతాను" అని ముందే చెప్పేయండి.

తర్వాత పిన్ను. పైపు లేపాక రంధ్రంలో దూర్చే పిన్ను చిన్న గొలుసుకి వేలాడుతూ ఉంటుంది. గొలుసు తెగి పిన్ను పోవడం చాలా స్టాండ్లకి జరిగేదే. దాని బదులు మేకు దూర్చి నడిపేవాళ్ళున్నారు. ఒకసారి అలాంటి మేకుని చేతిలోకి తీసుకుని చూశాను. రంధ్రం పది మిల్లీమీటర్లుంటే మేకు నాలుగు మిల్లీమీటర్లుంది. నడిమధ్యలో కొద్దిగా వంగింది, వంగిన చోట తుప్పు రాలి మెరుస్తోంది. లైట్ల బరువంతా ఎన్నాళ్ళ నుంచో ఆ వంపు మీదే ఆగి ఉంది. అది విరిగితే లోపలి పైపు సర్రున కిందికి జారుతుంది, ఆ దారిలో ఎవరి వేళ్ళున్నా నలిగిపోతాయి. పిన్ను పోతే రంధ్రానికి సరిపడే గట్టి బోల్టు వేసి నట్టు బిగించండి, లేదా ఆటోనగర్‌లో లేత్ దగ్గర కొలత ఇచ్చి చేయించుకోండి.

బిగింపు గుబ్బల మరలు అరిగాయేమో కూడా ఇంటి దగ్గరే చూడండి. గుబ్బ తిరుగుతూనే ఉండి బిగుసుకోకపోతే మర పోయినట్టే.

చోటు చూసుకోవడం

ఫంక్షన్‌కి వెళ్ళగానే సామాను దించకండి. ఖాళీ చేతులతో ఆ చోటంతా ఒకసారి నడవండి.

కాళ్ళ కింద ఏముందో చూడండి. గుంటూరు వైపు నల్లరేగడి నేల వాన పడితే పిండిలా మెత్తబడుతుంది. సాయంత్రం నిటారుగా నిలబెట్టిన స్టాండ్ తొమ్మిదింటికల్లా ఒక కాలు దిగి పక్కకి వాలిపోతుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పున ప్లైవుడ్ ముక్కలు మూడు ఎప్పుడూ వ్యాన్‌లో ఉంచుకుని, ఒక్కో కాలి కింద ఒకటి వేయండి. గార్డెన్లలో గడ్డి మీద మ్యాట్ పరుస్తారు, దాని కింద గుంట ఉందో, డ్రైనేజీ మూత ఉందో కనబడదు. కాలు పెట్టే చోట మీ మడమతో గట్టిగా తొక్కి చూడండి. ఏసీ హాళ్ళలో గ్రానైట్ నున్నగా ఉంటుంది, ఫాగ్ మెషిన్ పక్కనుంటే దాని తడికి ఇంకా జారుతుంది. స్టాండ్ రబ్బరు బుడిపెలు అరిగితే కొత్తవి వేయించండి, అప్పటికప్పుడు దొరక్కపోతే సైకిల్ ట్యూబు ముక్క చుట్టండి. నేల ఏటవాలుగా ఉంటే ఒక కాలి కింద ఇటుక పెట్టి సరిచేయడం మాత్రం వద్దు. చోటు మార్చండి.

తల పైకెత్తి చూడండి. కరెంటు తీగలు ఉన్నాయా? ఇంటి ముందు రోడ్డు మీద షామియానా వేసి చేసే ఫంక్షన్లలో తీగలు స్టాండ్ అందేంత దగ్గరగా ఉంటాయి. 11 కేవీ (11 వేల వోల్టుల) తీగని స్టాండ్ తాకనవసరం కూడా లేదు, బాగా దగ్గరికి వెళితే చాలు, గాలిలోంచే కరెంటు దూకుతుంది. స్టాండ్ పూర్తిగా లేపి, ఏ పక్కకి పడినా తీగ అందని చోటే మీ చోటు. వినాయకుడి ఊరేగింపులో ట్రాక్టర్ ట్రక్కు మీద ఇలాంటి స్టాండ్ లేపి నిలబెట్టడం నేను చేయను, మీరూ చేయకండి. బండి కుదుపులకి బిగింపులు ఊడతాయి, వీధి వీధికీ తీగల ఎత్తు మారుతుంది. లైట్లని ట్రక్కు చట్రానికే, తలకన్నా తక్కువ ఎత్తులో బోల్టులతో బిగించుకోండి.

ఇక గాలి. భవానీపురం పున్నమి ఘాట్ వైపు గానీ, ఏటి అవతల సీతానగరం వైపు గానీ ఆరుబయట ఫంక్షన్ చేసినవాళ్ళకి కృష్ణ మీద నుంచి వచ్చే గాలి తెలుసు. మే నెల సాయంత్రం ఉక్కపోతగా ఉండి ఉండి ఒక్కసారిగా గాలిదుమారం లేస్తుంది. గాలి వేగం రెండింతలైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది. అందుకే ఇప్పటిదాకా స్టాండ్ కదల్లేదు కదా అన్న ధైర్యం పనికిరాదు. ఆరుబయట నేను స్టాండ్‌ని రెండు మీటర్లకి మించి లేపను. టీ బార్‌కి బ్యానర్ గానీ, డెకరేషన్ బట్ట గానీ కట్టనివ్వను. బట్ట కడితే స్టాండ్ తెరచాప అవుతుంది. షామియానా అంచులు టపటపా కొట్టుకోవడం మొదలైతే పాట ఏదైనా సరే, ముందు స్టాండ్లు దించండి.

జనం ఎటు నడుస్తారో కూడా చూడండి. భోజనాలకి వెళ్ళే దారిలో, గుమ్మానికి పక్కన, పిల్లలు ఆడుకునే మూలలో స్టాండ్ పెట్టకూడదు.

కాళ్ళు, సంచులు

కాళ్ళు పూర్తిగా తెరవండి. నడిమి పైపుకీ కాళ్ళకీ మధ్య ఉండే అడ్డ పట్టీలు దాదాపు నేలకి సమాంతరంగా రావాలి. చోటు సరిపోలేదని కాళ్ళు 40 సెంటీమీటర్ల దాకానే తెరిస్తే మొదట చెప్పిన 30 సెంటీమీటర్లు 20 అవుతుంది, పడగొట్టే బలం ఆ మేరకి తగ్గిపోతుంది. ఒక కాలు జనం ఉన్న వైపుకి, అంటే డాన్స్ ఫ్లోర్ వైపుకి తిప్పండి. స్టాండ్ బలహీనంగా ఉండేది కాళ్ళ మధ్య ఖాళీల వైపు కాబట్టి, ఆ ఖాళీలు జనం మీదకి ఉండకూడదు.

తర్వాత ఇసుక సంచులు. దీనికి డబ్బు ఖర్చు పెట్టనక్కర్లేదు. మన ఇళ్ళలో 26 కేజీల బియ్యం సంచులు ఖాళీవి ఎప్పుడూ ఉంటాయి. ఒకదానిలో ఒకటి పెట్టి, పొడి ఇసుక 15 కేజీలు వచ్చేలా నింపి, మూతి కుట్టి, నల్లగుడ్డ తొడిగించండి. ఫొటోల్లో కూడా ఎబ్బెట్టుగా ఉండదు. నిండా నింపితే రాయిలా దొర్లిపోతుంది, కొంచెం వదులుగా ఉంటేనే కాలి మీద ఒదిగి కూర్చుంటుంది. ఒక్కో కాలి కొన మీద ఒక్కో సంచి వేయండి. ఇప్పుడు మొత్తం 80 కేజీలు. అదే లెక్క మళ్ళీ కడితే పడగొట్టడానికి ఎనిమిది కేజీల తోపు కావాలి. ఎత్తుని రెండు మీటర్లకి తగ్గిస్తే పన్నెండు. మూడు సంచులూ తప్పకుండా వేయాలి. స్టాండ్ ఒక వైపుకి ఒరిగేటప్పుడు దాన్ని వెనక్కి పట్టి ఉంచేది ఎదుటి కాలి మీదున్న సంచే, ఏ వైపుకి ఒరుగుతుందో ముందే ఎవరికీ తెలియదు.

లైట్ బిగించడం

లైట్లు ఎప్పుడూ స్టాండ్ కిందికి దించి ఉన్నప్పుడే, మీ ఛాతీ ఎత్తులో బిగించాలి. కుర్చీ ఎక్కి పైన బిగించడం మొదలుపెడితే ఒక చేత్తో లైట్, ఒక చేత్తో స్పానర్ పట్టుకుని స్టాండ్‌కే ఆనుకోవాల్సి వస్తుంది.

మొదట టీ బార్ స్టాండ్ పైపులో పూర్తిగా దిగిందా, దాని గుబ్బ బిగుసుకుందా చూసి, రెండు చేతులతో పట్టుకుని మెలితిప్పి చూడండి. తర్వాత ఎడమన ఒకటి, కుడిన ఒకటిగా లైట్లు తగిలించండి. ఒకే వైపు రెండు తగిలించి, తర్వాత రెండో వైపుకి వెళితే ఆ మధ్య కాసేపు స్టాండ్ ఒరిగే ఉంటుంది. బరువైనవి నడిమికి దగ్గరగా, తేలికైనవి చివర్లకి పెట్టండి.

క్లాంప్ (లైట్‌ని పైపుకి పట్టించే బిగింపు) సైజు దగ్గర చాలామంది పొరబడతారు. ట్రస్ క్లాంపులు దాదాపు 50 మిల్లీమీటర్ల గొట్టానికి చేసినవి. వాటిని సన్న పైపుకో, చతురస్రపు టీ బార్‌కో పెడితే రెండు చోట్ల మాత్రమే ఆనుకుంటాయి, ఎంత బిగించినా పట్టు రాదు. మధ్యలో గుడ్డ చుట్టో, రబ్బరు పెట్టో సరిచేయడం మొదటి అరగంటకే పనికొస్తుంది. టీ బార్‌కి రంధ్రాలుంటే లైట్‌ని పట్టి ఉంచే యూ ఆకారపు పట్టీని, అంటే యూ బ్రాకెట్‌ని, నేరుగా ఎం10 (పది మిల్లీమీటర్ల) బోల్టుతో, స్ప్రింగ్ వాషర్ వేసి బిగించడమే నాకు నచ్చిన పద్ధతి. చేత్తో తిప్పి వదిలేయకుండా స్పానర్‌తో ముగించండి. లైట్ కోణం సరిచూసుకున్నాక యూ బ్రాకెట్ పక్క గుబ్బలు రెండూ మళ్ళీ బిగించండి.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. గుంటూరులో ఓణీల ఫంక్షన్, బేస్ బాక్సుల పక్కనే స్టాండ్ పెట్టాను. రెండు గంటలు బాగానే నడిచింది. తర్వాత చూస్తే నాలుగు లైట్లలో ఒకటి గోడ మీద కాకుండా నేల మీద వెలుగుతోంది. కోణం జారిందనుకుని దగ్గరికి వెళ్ళేసరికి అది క్లాంప్ నుంచి పూర్తిగా ఊడి, సేఫ్టీ వైరుకి, అంటే లైట్ ఊడినా కింద పడకుండా కట్టే తీగకి, వేలాడుతూ నెమ్మదిగా తిరుగుతోంది. దాని కింద ఆ పిల్ల మేనత్త కూతుళ్ళు డాన్స్ చేస్తున్నారు. ఆ క్లాంప్ నేనే బిగించాను, గట్టిగానే బిగించాను. బేస్ అదురుకి నట్టు కొంచెం కొంచెంగా వెనక్కి తిరిగింది. ఆ వైరు లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ అరచేతులు చల్లబడతాయి.

అప్పటి నుంచి రెండు పనులు మానలేదు. మొదటిది, బిగించాక నట్టు మీద నుంచి బోల్టు మీదుగా క్లాంప్ దాకా గోళ్ళ రంగుతో సన్న గీత గీస్తాను. నట్టు కొద్దిగా తిరిగినా గీత రెండు ముక్కలుగా విడిపోతుంది, టార్చ్ వేస్తే కింద నుంచే కనబడుతుంది. ఎర్ర రంగు వాడండి, నల్ల ఇనుము మీద బాగా తెలుస్తుంది. రెండోది, స్టాండ్‌ని బేస్ బాక్సులకి వీలైనంత దూరంగా పెడతాను. బేస్ బాక్స్ మీద స్టాండ్ కాలు పెట్టడం, టాప్ స్పీకర్ నిలబెట్టిన పైపుకే లైట్ తగిలించడం, ఈ రెండూ అసలు చేయకండి.

సేఫ్టీ వైరు అంటే ఉక్కు తీగ. ప్లాస్టిక్ జిప్ టై, నవారు, ఇన్సులేషన్ టేప్ ఇవేవీ దాని పని చేయవు. లైట్ బరువుకి సరిపడే ఉక్కు వైరు, చివర మర బిగించే కొక్కెం ఉన్నది తీసుకోండి. దాన్ని లైట్ వెనక అందుకోసమే ఇచ్చిన రింగులోంచి దూర్చాలి, ప్లాస్టిక్ హ్యాండిల్‌కి కాదు. వైరు వదులుగా పొడుగ్గా వేలాడకూడదు. లైట్ ఊడితే ఒక జానెడు జారి ఆగాలి, అంతే. ఎక్కువ దూరం జారితే పడే వేగానికి వైరు మీద పడే కుదుపు లైట్ బరువుకి ఎన్నో రెట్లవుతుంది. ఇంకో సంగతి చాలామంది గమనించరు. టీ బార్ చివర తెరిచి ఉంటే, చివరి లైట్ ఊడినప్పుడు వైరు బార్ మీద జారి చివర నుంచి బయటికి వచ్చేస్తుంది. చివర ఒక బోల్టు అడ్డం వేయండి, లేదా వైరుని స్టాండ్ నడిమి పైపు దాకా తీసుకెళ్ళి చుట్టండి.

పాత హాలోజెన్ పార్‌లు ఇంకా వాడేవాళ్ళుంటే, 1000 వాట్ల లైట్ ముందు షామియానా బట్ట, పూల డెకరేషన్ ఉండకూడదు, కాలిపోతాయి. ఎల్ఈడీ అయినా వెనక ఫ్యాన్‌కి గాలి ఆడేలా వదలండి.

కరెంటు

లైట్ స్టాండ్ ఇనుప పైపు. ఒక వైరు తోలు ఊడి దాన్ని తాకితే స్టాండ్ మొత్తానికి కరెంటు వస్తుంది, దాన్ని పట్టుకుని ఫొటో దిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. కాబట్టి ఎర్త్ పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నులతో నడిపే ప్లగ్గు మీ సెట్‌లో ఒక్కటి కూడా ఉండకూడదు. మీ జంక్షన్ బాక్సులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను తెంచే స్విచ్) పెట్టించుకుని, దాని మీదున్న టెస్ట్ బటన్ ప్రతి ఫంక్షన్‌లో ఒకసారి నొక్కి చూడండి. జనరేటర్ మీద నడిస్తే దానికి ఎర్త్ రాడ్ దిగ్గొట్టారా అని జనరేటర్ అబ్బాయిని అడగండి.

లేబుల్ మీద 150 వాట్లు ఉన్న లైట్లు పది కలిపితే 1500 వాట్లు, 230 వోల్టుల మీద ఆరున్నర ఆంపియర్లు. ఆరు ఆంపియర్ల చిన్న సాకెట్‌లో పెడితే అది వేడెక్కి కాలిపోవచ్చు, 16 ఆంపియర్ల సాకెట్ అడిగి తీసుకోండి. వైరు చుట్టని చుట్టగానే ఉంచి లోడ్ లాగితే లోపల వేడెక్కి అంటుకుపోతుంది, మొత్తం విప్పి పరవండి.

వైర్లని టీ బార్ వెంట, తర్వాత నడిమి పైపు వెంట అడుగడుగుకీ కట్టి కిందికి తీసుకురండి. పైపు మొదట్లో ఒక చుట్టు చుట్టి కట్టేస్తే, కింద ఎవరి కాలో తగిలినా లాగుడు పైకి చేరదు. పైపు లేపినప్పుడు సరిపోయేంత పొడవు ముందే వదలండి. నేల మీద నడిచే చోట వైరు పొడవునా టేప్ వేయండి.

లేపడం, చూసుకోవడం, దించడం

లైట్లన్నీ కిందనే వెలిగించి, రంగులు, డీఎంఎక్స్ అడ్రసులు (కంట్రోలర్ ఒక్కో లైట్‌ని గుర్తుపట్టే నంబర్లు) సరిచూసుకుని, సేఫ్టీ వైర్లని చేత్తో ఒక్కొక్కటీ లాగి చూశాకే లేపాలి. లేపడానికి ఇద్దరుండాలి. ఒకరు పైపు ఎత్తితే, రెండోవారు పిన్ను దూర్చి, ఆ తర్వాత గుబ్బ బిగించాలి. పిన్ను కన్నా ముందు గుబ్బ బిగించి, అది పట్టుకుంది కదా అని చేయి వదలకండి. లేపిన తర్వాత నడిమి పైపుని మెల్లగా కదిపి చూడండి. ఊగి వెంటనే ఆగాలి.

ప్రోగ్రాం మధ్యలో ప్రతి గంటకీ ఒకసారి టార్చ్ వేసి ఎర్ర గీతలు చూసుకోండి. స్టాండ్ కాళ్ళ మధ్యలోకి కుర్చీలు చేరడం మన ఫంక్షన్లలో మామూలే. పెద్దావిడ కూర్చుని, లేచేటప్పుడు స్టాండ్ పట్టుకుని లేస్తుంది. "అమ్మా, ఇటు రండి, ఇక్కడ గాలి బాగా వస్తుంది" అని చెప్పి ఇంకో కుర్చీ వేయించండి. కుర్రాళ్ళు భుజాల మీద ఎక్కి ఎగురుతుంటే మైకులో పేరు పెట్టి పిలిచి పక్కకి రమ్మనండి, ఊరికే జాగ్రత్త అంటే ఎవరూ వినరు.

ప్రత్యేక అనుమతి లేకపోతే ఆరుబయట లౌడ్ స్పీకర్లు రాత్రి 10 గంటలకి ఆపాలి, 2000 నాటి శబ్ద నియమాలు ఇవే. పాట ఆగాక అందరికీ ఇంటికి వెళ్ళే తొందర, అందుకే దించేటప్పుడు ప్రమాదాలు తేలిగ్గా జరుగుతాయి. జనం ఖాళీ అయ్యేదాకా ఆగండి. కరెంటు తీసేయండి. ఇసుక సంచులు తీయడం అన్నిటికన్నా చివర. ముందు ఇద్దరూ కలిసి, ఒకరు లోపలి పైపుని గట్టిగా పట్టుకున్నాకే రెండోవారు పిన్ను తీసి, పైపుని మెల్లగా కిందికి దించాలి. లైట్లని కూడా ఎక్కించినట్టే ఎడమ ఒకటి, కుడి ఒకటిగా విప్పండి. సంచులు తీసి, కాళ్ళు ముడిచాక పిన్నుని మళ్ళీ దాని రంధ్రంలోనే దూర్చి వ్యాన్ ఎక్కించండి.